అయిదు తెల్లటోపీలు, ఒక నల్లటోపీ

కాండర్ పిక్చర్స్ వారు సినీప్రియులకు సగర్వంగా ప్రకటించినదేమనగా: ప్రపంచ చరిత్రలో మొట్టమొదటిసారిగా అయిదుగురు పాడే కౌబాయ్ హీరోలు ఒకే చిత్రంలో, ఒకే దుర్మార్గాన్ని, ఒకేసారి అంతం చేయబోతున్నారు. దుర్మార్గం కూడా ఒక్కటే. దాని పేరు లెమ్ పాట్స్.

మామూలుగా దుర్మార్గానికి అరడజనుమంది ముఠా ఉంటుంది. నలుగురు అతిథి నటులను అద్దెకు తెచ్చేసరికి ముఠాకు పైసా మిగల్లేదు. ఉన్న ఒక్క దుర్మార్గుణ్ణి కూడా సగం రోజుకే పిలిస్తే ఎలా ఉంటుందని నిర్మాత ఫ్లెక్ గారు కొంతసేపు ఆలోచించారు గాని, సగం రోజుకు వచ్చినవాడు బాంకు దోచి, పశువుల్ని తోలుకుపోయి, హీరోయిన్ తండ్రిని కట్టేసి, మళ్లీ అయిదుగురిచేత తన్నులు తినలేడని దర్శకుడు విన్నవించగా, పెద్దమనసుతో పూర్తి రోజుకు ఒప్పుకున్నారు.

కాండర్ అంటే లాస్ ఏంజెలెస్ వెనక కొండల మీద తిరిగే పెద్ద రాబందు. తన స్వభావాన్ని ఇంత నిజాయితీగా పేరులో పెట్టుకున్న సంస్థ ఆ ఊళ్లో మరొకటి లేదు. దేవుడు ఈ ప్రపంచాన్ని ఆరు రోజుల్లో సృష్టించాడు. కాండర్ వారు సినిమాని అయిదు రోజుల్లో సృష్టిస్తారు. దేవుడు ఒక రోజు దుబారా చేశాడని ఫ్లెక్ గారి నిశ్చితాభిప్రాయం.

ఆ సినిమాల గురించి మీకు చెప్పనక్కర్లేదు. కౌబాయ్ అంటే ఆవుల కాపరి. ఆవు తప్ప అన్నీ కనిపిస్తాయి. గుర్రం మీద హీరో ఒక్కడే, అతని చేతిలో గిటారు ఒక్కటే. నోరు తెరిచి పాట ఎత్తుకోగానే కొండల వెనకనుంచి వయొలిన్లు, బాకాలు, డోళ్లు ఒక్కసారిగా మోగుతాయి. అంత పెద్ద బృందం ఆ ఎడారిలో ఎక్కడ దాక్కుందో, ఏం తిని బతుకుతోందో ఇంతవరకూ ఏ షెరీఫూ విచారణ జరపలేదు. హీరో తాగడు. ముందుగా చెయ్యెత్తడు. హీరోయిన్‌ను ముద్దు పెట్టుకోడు. ఆ గౌరవం గుర్రానిది. ఎంత ఘోరమైన పోట్లాటలోనూ అతని నెత్తిమీది తెల్లటోపీ పడదు. పడకుండా చూసే పూచీ హీరోది కాదు, తన్నులు తినేవాడిది. టోపీకి గాలైనా తగలకుండా దవడ అందించి, దెబ్బకు తగ్గట్టు గాల్లోకి లేచి, కెమెరాకు మొహం చూపించి, నేల మీద పడాలి. ఈ విద్యలో లెమ్ పాట్స్‌ను మించినవాడు లేడు.

ఏళ్ల తరబడి అదే జీవనం. హీరోకి పాటలు, పాట్స్‌కి పాట్లు. హీరోది ముష్టియుద్ధం, పాట్స్‌ది ముష్టి జీతం. లోయలో సినిమా వాళ్లు అద్దెకు తీసుకునే బీడుభూమిలో ఒక నున్నటి బండ ఉంది. ప్రతి సినిమా చివరా గుర్రం మీదనుంచి అతను పడేది దాని పక్కనే. కెమెరా మనుషులు దాన్ని పాట్స్ రాయి అంటారు. దాని చుట్టూ గడ్డి మొలవదు. అతనికిచ్చే నల్లగుర్రం బిస్కట్, ఆ రాయి దగ్గరకు రాగానే తనంతట తానే నెమ్మదించి, రౌతును కింద పడేసి, పక్కకు వెళ్లి నిలబడేది. రాయి, గుర్రం, మనిషి – మూడింటిలో ఎవరికీ ఆదేశాలివ్వాల్సిన పని లేదు.

చెడ్డవాడని జనానికి తెలియడానికి అతనికి నల్లటోపీ, సన్నటి మీసం ఇచ్చారు. టోపీ సాయంత్రం తిరిగిచ్చేసేవాడు. మీసం ఇంటికి వెంట వచ్చేది. అందుకని చర్చిలో కానుకల పళ్లెం అతని దాకా వచ్చేసరికి అటూ ఇటూ కూర్చున్న భక్తులు దాని మీద చెరో చెయ్యీ వేసి ఉంచేవారు.

ఇదంతా అతను భరించాడు. భరించలేనిది ఒక్కటే: అత్తగారు.

హెట్టీ వీమ్స్ భర్త పోయాక ఓక్లహోమా నుంచి కూతురింటికి వచ్చి, అల్లుడి పెరటిగదిలో స్థిరపడింది. ప్రతి శనివారం మధ్యాహ్నం పాలెస్ థియేటర్లో ముందు వరస ఆమెది. ఒళ్లో వేరుశెనక్కాయల పొట్లం. తెర మీద నల్లటోపీ కనపడగానే వెనక్కి తిరిగి థియేటరంతటికీ వినబడేట్టు "మా అల్లుడే!" అనేది. హీరో పిడికిలి బిగించగానే ముందుకు వంగి, "ఎడమ దవడ నాయనా, ఎడమది! పోయినేడు పన్ను పీకించాడు, అక్కడ కాస్త బలహీనం!" అని సలహా ఇచ్చేది. హీరో ఆ సలహా పాటించేవాడు. అది ఎప్పుడో తీసిన సినిమా అయినా సరే.

రాత్రి భోజనాల బల్ల దగ్గర మళ్లీ అదే ఆట, ఉచితంగా.

"ఏం అల్లుడూ, ఇవాళ గుర్రాల తొట్లో పడ్డావు?"

"అది నిరుడు తీసింది అత్తయ్యా."

"నిరుడు పడితేనేం, తడిసింది ఇవాళేగా? ఒపాల్, మీ ఆయనకి తువ్వాలియ్యవే, పడిశం పట్టగలదు!"

"ఆయన్ని తిండి తిననియ్యవే అమ్మా," అనేది ఒపాల్, మొక్కజొన్న రొట్టె అందిస్తూ. అని, తల్లి చూడకుండా తనూ నవ్వేది.

లెమ్ కోరిక చాలా చిన్నది. ఒక్క సినిమా. ఒక్కటంటే ఒక్కటి. చివర్లో తను గుర్రమెక్కి కొండ దాటి వెళ్లిపోవాలి. వెనకనుంచి ఎవడూ వచ్చి పట్టుకోకూడదు. గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు. ఆ శనివారం రాత్రి బల్ల దగ్గర అత్తగారి నోట్లో చిక్కుడుగింజలు తప్ప మాట ఉండకూడదు.

ఈ కోరికను అతను ఫ్లెక్ గారి ముందు పెట్టినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచారు. ఆయన లేచారంటే ఉపన్యాసం తప్పదు.

"పాట్స్! నువ్వు పారిపోతే ఈ దేశంలో పసిపిల్లల గతేమిటి? చెడు గెలిచిందనుకుంటారు! స్కూళ్లు మూతపడతాయి! కుటుంబాలు కూలిపోతాయి! ఈ మహాజాతి నీతి యావత్తూ నీ దవడ మీద నిలబడి ఉందయ్యా!"

"నిలబడితే నిలబడింది గాని, అయ్యా, దిగేదెప్పుడు?" అన్నాడు లెమ్.

ఇంతలో అతిథులు దిగారు. అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని అర్థం. ఈ నలుగురూ తిథి, వారం, ఎండ ఏ చెంప మీద పడాలో కూడా చూసుకుని వచ్చారు. పేర్లు డకోటా, నెబ్రాస్కా, కాన్సాస్, వయోమింగ్. ఆ నాలుగు ప్రాంతాలనూ ఆ నలుగురూ రైలు కిటికీలోంచే చూశారు, అదీ రైలు రాత్రిపూట వెళ్తుండగా. నలుగురివీ తెల్లగుర్రాలు, తెల్లటోపీలు, ముత్యాల గుండీలు. వీళ్లకు ఆతిథ్యం ఇచ్చే ఇంటి హీరో క్లే ఫెయిర్లీకి కూడా అవే ఉన్నాయి. దూరంనుంచి చూస్తే ఒకే మనిషి అయిదుసార్లు వచ్చినట్టుండేది. దగ్గర్నుంచి చూసినా పెద్ద తేడా లేదు.

వారివారి స్టూడియోలు వాళ్లను శుక్రవారం సూర్యాస్తమయం దాకా మాత్రమే అరువిచ్చాయి. ఒక్కొక్కరి వెంట ఒక్కో ఏజెంటు, ఒక్కో ఒప్పందం. ఒప్పందమంటే ఒప్పుకున్నవాడికి అందకుండా రాసుకునేది. డకోటా ఎవరి గుర్రం వెనకా స్వారీ చెయ్యడు. నెబ్రాస్కా అసలు వెనక్కే జరగడు. కాన్సాస్‌ను మరొక హీరో కాపాడరాదు. వయోమింగ్ పాడుతుండగా ఇంకొకడు గిటారు తీగె సర్దుకోరాదు. వయోమింగ్ గుర్రానికి కూడా ఒక ఒప్పందం ఉంది: దాని మూతికి ముందు మరో గుర్రం తోక కనపడరాదు. తోకల విషయంలో ఆ గుర్రం పట్టింపు న్యాయమేనని మిగతా నాలుగు గుర్రాల తరఫువారూ అంగీకరించి, అదే షరతు తామూ రాయించుకున్నారు.

అసలు చిక్కు చివరి సన్నివేశంలో వచ్చింది. దుర్మార్గుణ్ణి ఎవరు పట్టుకోవాలి?

శుక్రవారం నాడు ఏజెంట్లు బీడు మధ్యలో గొడుగుల కింద కూర్చుని పొద్దున్నించీ వాదిస్తున్నారు. ఒకడు పట్టుకుంటే మిగతా నలుగురూ పట్టుకోలేకపోయినవాళ్లవుతారు. ఏ స్టూడియో ఒప్పుకుంటుంది? ఒక చెట్టు నీడలో బిస్కట్ మెడ నిమురుతూ కూర్చున్న లెమ్ గుండె ఆశతో కొట్టుకోవడం మొదలెట్టింది. క్లే ఫెయిర్లీ వచ్చి పక్కనే చతికిలపడ్డాడు. ఎన్నో ఏళ్లుగా ఒకరు కొడుతూ ఒకరు తింటూ కలిసి బతికిన చనువు వాళ్లది.

"లెమన్నా, దవడెలా ఉంది?"

"నీ దయవల్ల ఊడలేదు తమ్ముడూ. ఇవాళ దానికి సెలవొచ్చేట్టుంది. ఎవడూ పట్టుకోనంటే నేను పారిపోవడమేగా?"

"పారిపో అన్నా, నీ పుణ్యముంటుంది," అన్నాడు క్లే గొంతు తగ్గించి. "నా ఇంటికొచ్చి ఆ డకోటాగాడు నిన్ను కొట్టాడంటే నా పరువేం కావాలి? నిన్ను కొడితే నేనే కొట్టాలి. లేదా ఎవడూ కొట్టకూడదు."

తనమీద ఇంత అభిమానం చూపినవాళ్లు లేరని లెమ్ కళ్లు చెమర్చాయి.

అంతలో ఫ్లెక్ గారు ట్రక్కు ఎక్కి నిలబడి ప్రకటించారు. "మిత్రులారా! మనది ప్రజాస్వామ్యం! అందరూ సమానులే! అయిదుగురూ ఒకే వరసలో, ఒకరి మూతికి ఒకరు ముందు కాకుండా వచ్చి, ఒకేసారి పట్టుకుని, తలా ఒక దెబ్బ! కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, మధ్యలో ఒకటి!"

"మధ్యలో ముక్కుందండీ," అన్నాడు లెమ్.

"ముక్కు సంగతి రచయితతో మాట్లాడతాను," అన్నారు ఫ్లెక్ గారు.

పొద్దు వాలుతోంది. ఒక్కసారి తీయడానికే సమయం ఉంది. లెమ్ నల్లటోపీ సర్దుకుని, దోచిన సొమ్ము సంచీ జీనుకు తగిలించి, నిట్టూర్చి, బిస్కట్‌ను అదిలించాడు. వెనక అయిదు తెల్లగుర్రాలు గీత గీసినట్టు ఒకే వరసలో దూకాయి. పక్కన ట్రక్కు మీద కెమెరా పరుగెత్తింది. చూడముచ్చటైన దృశ్యం. ఆ దారి కొంత దూరం వెళ్లాక రెండు బండల మధ్య నుంచి పోతుందనీ, ఆ సందులో రెండు గుర్రాలు పట్టడమే గగనమనీ అందరికీ తెలుసు. ప్రతి సినిమాలోనూ ఆ సందులోంచి పోతూనే ఉన్నారు. కాకపోతే ఎప్పుడూ ఒకడి వెనక ఒకడు పోయేవారు.

ఈసారి ఒకడి వెనక ఒకడు పోవడం చట్టవిరుద్ధం.

అయిదుగురూ పళ్లు ఇకిలిస్తూ, ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ, ఒక్క అంగుళం తగ్గకుండా సందులోకి దూరారు. దూరి, ఆగిపోయారు. సీసా మూతికి బిరడా పట్టినట్టు పట్టారు. మోకాళ్లు మోకాళ్లతో, డొక్కలు డొక్కలతో, వీపులకు తగిలించుకున్న గిటార్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. గుర్రాలు సకిలించాయి. తీగెలు తెగుతూ ఒక్కోటీ ఒక్కో స్వరం పలికాయి. ఆ రోజు అయిదుగురూ కలిసి వినిపించిన సంగీతం అదొక్కటే. టోపీలు మాత్రం ఒక్కటి కూడా పడలేదు.

"వెనక్కి జరగవోయ్!" అన్నాడు డకోటా.

"వెనక్కా? నేనా? మా లాయరుతో మాట్లాడు!" అన్నాడు నెబ్రాస్కా.

ముందు వెళ్తున్న లెమ్‌కు వెనక డెక్కల చప్పుడు వినబడలేదు. తిరిగి చూశాడు. ఎవరూ రావడం లేదు. ఎదర కొండవాలు, దాని అవతల నారింజ తోటలు, తోటల పక్కనుంచి ఇంటికి దారి. ఇన్నేళ్లుగా కోరుకున్నది మరొక్క అదిలింపు దూరంలో ఉంది. కెమెరా తనవైపే చూస్తోంది. అత్తగారి నోటి నిండా చిక్కుడుగింజలు కళ్లకు కట్టాయి.

అప్పుడే సందులో నలిగిపోతున్న గుర్రం ఒకటి పసిబిడ్డలా ఏడ్చింది.

"అవేం పాపం చేశాయే?" అన్నాడు లెమ్ బిస్కట్‌తో. "ఒప్పందాల మీద సంతకాలు అవి పెట్టలేదు కదా!"

వెనక్కి తిరిగాడు. వచ్చి, గుర్రం దిగి, మధ్యలో ఉన్న గుర్రం కళ్లెం పట్టుకుని, దాని చెవిలో ఏదో చెప్పి, మెల్లగా తనవైపు లాగాడు. బిరడా ఊడింది. మిగతా నలుగురూ బస్తాలు జారినట్టు అటిద్దరూ ఇటిద్దరూ జారిపడ్డారు. లెమ్ ఒక్కొక్కణ్ణీ లేపి, దుమ్ము దులిపి, టోపీలు సరిచేశాడు. టోపీల పూచీ ఎప్పుడూ తనదే కదా. ఆ తర్వాత, పని మధ్యలో వదిలేయడం అలవాటు లేనివాడు కనుక, మళ్లీ గుర్రమెక్కి పాట్స్ రాయి దాకా వెళ్లి, కొట్టేవాడెవడూ లేకపోయినా, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా తనంతట తానే పడిపోయాడు.

హీరోలు తన్నడానికి వచ్చేలోగా సూర్యుడు అస్తమించాడు. ఏజెంట్లు కార్ల హారన్లు మోగించారు. అతిథులు వెళ్లిపోయారు. మరో రోజు తీయడానికి ఫ్లెక్ గారి దగ్గర డబ్బు లేదు, కెమెరాలో ఫిల్ము లేదు. ఉన్నది ఉన్నట్టే అతికించి శనివారానికి విడుదల చేశారు.

ఇక చూడండి! తప్పించుకుపోగలిగినవాడు తిరిగి వచ్చాడు. శత్రువుల ప్రాణాలు కాపాడాడు. అలసి, రాయి పక్కన కుప్పకూలాడు. పాలెస్ థియేటర్లో ఏడవని కన్ను లేదు. చర్చి మహిళల సంఘం అధ్యక్షురాలు బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టింది. మర్నాడు కానుకల పళ్లెం లెమ్ చేతికి ఇచ్చేసి భక్తులు కళ్లు మూసుకుని ప్రార్థించారు.

ముందు వరసలో హెట్టీ ఒక్కతే సినిమా అయిపోయినా కదలకుండా కూర్చుంది. తర్వాత టికెట్ల కిటికీ దగ్గరకు వెళ్లి, "మిగతా సినిమా ఏది? తన్నులు ఏవి?" అని నిలదీసింది. పొట్లంలో సగం వేరుశెనక్కాయలు అలాగే ఉన్నాయి.

రాత్రి బల్ల దగ్గర ఆమె నోట్లో చిక్కుడుగింజలు తప్ప మాట లేదు. అచ్చం లెమ్ కోరుకున్నట్టే. చెంచాల చప్పుడు వినబడింది. గోడ గడియారం వినబడింది. పక్కింటివాళ్ల రేడియో కూడా వినబడింది.

"ఓడలేదుగా, తినండి మరి," అంది ఒపాల్.

లెమ్‌కు ఎందుకో గింజలు ఉడకలేదనిపించింది.

ఫ్లెక్ గారు జాతి నీతిని వెంటనే ఒక దవడ మీదనుంచి మరో దవడ మీదకు మార్చారు. లెమ్ ఇకమీదట పాడే కౌబాయ్. మీసం గొరిగించి, తెల్లటోపీ పెట్టారు. తెర వెనక పాడటానికి వేరే గొంతును కుదిర్చారు. తెల్లగుర్రం కొనడం ఎందుకని బిస్కట్‌కు మైదాపిండి పట్టించారు. బిస్కట్‌కు మైదా కొత్తేమిటని ఆయన వాదన. గిటారు చేతికిస్తే లెమ్ దాన్ని సంచీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పనిలేని క్లే ఫెయిర్లీకి సన్నటి మీసం మొలిచింది.

"లెమన్నా, కాస్త మెల్లిగా," అన్నాడు క్లే, దవడ చూపిస్తూ.

"నువ్వు నన్నెప్పుడైనా మెల్లిగా కొట్టావట్రా?" అన్నాడు లెమ్. అంటూనే ఎంత మెల్లిగా కొట్టాడంటే, చెయ్యి దవడకు తగలనే లేదు. పాత అలవాటు కొద్దీ, కొట్టిన వెంటనే తనే ఎగిరి వెల్లకిలా పడ్డాడు. తెల్లటోపీ దొర్లుకుంటూ పోయింది. దాన్ని మేకు కొట్టినట్టు జిగురుతో అంటించి, నానా తంటాలు పడి అతన్ని గెలిపించారు.

జనం రాలేదు.

ఫ్లెక్ గారు నిపుణులను పిలిపించారు. పాట బాలేదని ఒకడు, గుర్రం మీదనుంచి పిండి రాలుతోందని ఒకడు చెప్పారు. పాలెస్ థియేటర్లో ముందు వరస ఖాళీ. శనివారం మధ్యాహ్నం హెట్టీ పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. లెమ్ వెళ్లి తాడుకు అవతల నిలబడ్డాడు.

"అత్తయ్యా, నా సినిమాకి వెళ్లలేదే?"

"ఏముంది చూడ్డానికి? గెలుస్తావటగా."

"గెలిస్తే చూడకూడదా?"

"గెలిచేవాణ్ణి చూడ్డానికి టికెట్టెందుకయ్యా? బాంకు మానేజరున్నాడు, షెరీఫున్నాడు, మన ఇంటి ఓనరున్నాడు. రోజూ గెలుస్తూనే ఉన్నారు, ఉచితంగా చూస్తూనే ఉన్నాం." ఆమె దుప్పటి ఒక్క విదిలింపు విదిలించింది. "మా ఆయన పోయాడు. పొలం పోయింది. ఊరు వదిలి వచ్చాను. వారమంతా అందరిచేతా మాటలు పడతాను. శనివారం వెళ్లి కూర్చుంటే, నాకు బదులు నువ్వు పడేవాడివి. బండ మీద పడేవాడివి, తొట్లో పడేవాడివి, చచ్చేవాడివి కూడాను. మళ్లీ శనివారానికి లేచి, అదే టోపీ పెట్టుకుని, సిగ్గులేకుండా వచ్చేవాడివి! మా అల్లుడంత బాగా పడి లేచేవాడు ఈ లోయలోనే లేడని ఊరంతా చాటుకున్నాను. ఇప్పుడేం చాటుకోను, నా మొహం?"

లెమ్ జారిపోతున్న దుప్పటి అంచు అందుకుని తాడు మీద సరిచేశాడు.

"పైగా ఆ తెల్లటోపీ నీకు నప్పలేదు అల్లుడూ. చూస్తేనే తెలుస్తోంది, ఎవడో నీకు టోపీ పెట్టాడని."

సోమవారం పొద్దున్నే లెమ్ ఫ్లెక్ గారి గదిలోకి వెళ్లి, తన తన్నులు తనకు ఇప్పించవలసిందిగా కోరాడు. అప్పటికే పద్దులు చూసుకుని ఉన్న ఫ్లెక్ గారు లేచి నిలబడ్డారు.

"పాట్స్! నీ త్యాగాన్ని ఈ జాతి మరవదు!" అన్నారు. జీతం మాత్రం పాతదే అన్నారు.

మీసం పెరగడానికి పట్టిన వ్యవధి తర్వాత కాండర్ పిక్చర్స్ వారు సగర్వంగా ప్రకటించారు: ప్రేక్షక మహాజనుల కోరికపై దుర్మార్గం తిరిగి వచ్చింది. పాలెస్ థియేటర్ ముందు టికెట్ల క్యూ వీధి మలుపు దాకా సాగింది. బిస్కట్ కడిగించుకుని నల్లబడి వచ్చింది. క్లే ఫెయిర్లీ పిడికిలి బిగించాడు.

"ఎడమ దవడ నాయనా, ఎడమది!" అని అరిచింది హెట్టీ.

లెమ్ గాల్లోకి లేచాడు. ఒక మెలిక తిరిగాడు. క్లే టోపీకి గాలైనా తగలనివ్వకుండా పాట్స్ రాయి పక్కన దబ్బున పడ్డాడు. థియేటరంతా ఈలలు. హెట్టీ వెనక్కి తిరిగి, కళ్లు తుడుచుకుంటూ, వరసవరసకూ చెప్పింది: "మా అల్లుడే!"

ఈ విషయమై తర్వాత పెద్దలు సభ జరిపి, మంచి గెలవడం చూసి తరించడానికే జనం సినిమాకు వస్తారని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానాన్ని ఖండించే ఉద్దేశం మాకు లేదు. మీరు కూడా మంచి గెలవాలనే ఇంతదాకా చదివి ఉంటారు. కాకపోతే ఎక్కడెక్కడ నవ్వారో ఒక్కసారి గుర్తు చేసుకోండి: లెమ్ కష్టపడి గెలిచిన చోటా, తొట్లో పడ్డ చోటా? అనుమానంగా ఉంటే హెట్టీని అడగండి. తన పక్క సీటు మీద మీకోసం రుమాలు వేసి ఉంచింది. వేరుశెనక్కాయలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట.